గ్రేట్ లేక్స్ నీళ్లు బేసిన్ దాటకుండా ఆపుతున్నది ఏది? చట్టాలు, లెక్కలు, లొసుగులు

ప్రశ్నలపుట్ట:
సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్, ఈరీ, ఆంటారియో. ఈ అయిదు సరస్సుల్లో దాదాపు 22,700 ఘన కిలోమీటర్ల నీళ్లున్నాయి, అంటే ఎనిమిది లక్షల టీఎంసీలు. ప్రపంచంలో నేల మీద దొరికే మంచినీటిలో అయిదో వంతు ఇక్కడే ఉంది. ఎనిమిది అమెరికా రాష్ట్రాలు, రెండు కెనడా ప్రావిన్సులు వీటిని పంచుకుంటున్నాయి. ఇంత నీరున్నచోట ఓ చిన్న ఊరు పైపు వేసుకుంటానంటే ఏళ్ల తరబడి గొడవ ఎందుకు? మరో పక్క చికాగో 1900 నుంచి తోడుతూనే ఉంది కదా, దాన్నెవరూ ఆపరేం? 1909 ఒప్పందం ఉండగా మళ్లీ 2008లో కొత్త చట్టం ఎందుకు కావలసి వచ్చింది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సరిహద్దు_చట్టం:
మూడో ప్రశ్నతో మొదలుపెడితే మిగతావి తేలికవుతాయి.

1909 సరిహద్దు జలాల ఒప్పందం అమెరికాకూ, కెనడా తరఫున బ్రిటన్‌కూ మధ్య కుదిరింది. అంతర్జాతీయ సంయుక్త కమిషన్ పుట్టింది దానితోనే. చెరో ముగ్గురు, మొత్తం ఆరుగురు కమిషనర్లు. అవతలి దేశం వైపు నీటిమట్టమో ప్రవాహమో మారేలా ఏ పని చేయాలన్నా కమిషన్ అనుమతి గానీ రెండు ప్రభుత్వాల ప్రత్యేక ఒప్పందం గానీ ఉండాలి. వినడానికి గట్టిగానే ఉంది. కానీ ఆ ఒప్పందం లెక్కలో సరిహద్దు జలాలంటే సరిహద్దు గీత వెళ్లే నీళ్లు మాత్రమే. మిషిగన్ సరస్సు పూర్తిగా అమెరికాలో ఉంది కాబట్టి అది రాదు. సరస్సుల్లో కలిసే ఉపనదులూ రావు. భూగర్భ జలాల ఊసే లేదు.

ఈ ఖాళీలు పూడ్చడానికి 1985లో అమెరికా రాష్ట్రాల గవర్నర్లూ కెనడా ప్రావిన్సుల ప్రీమియర్లూ (మన ముఖ్యమంత్రుల్లాంటివాళ్లు) ఒక చార్టర్ రాసుకున్నారు. రోజుకు 50 లక్షల గ్యాలన్లు మించిన కొత్త మళ్లింపు ఏదైనా వస్తే ముందుగా చెప్పి సంప్రదించాలన్నారు. మాట మీద నడిచే వ్యవహారమే తప్ప కోర్టులో నిలిచేది కాదు. 1986లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టంలో సెక్షన్ 1109 పెట్టి, బేసిన్ (ఈ సరస్సుల్లోకి నీళ్లు పారే నేలంతా) బయటికి మళ్లించాలంటే ఎనిమిది మంది గవర్నర్లూ ఒప్పుకోవాలంది. అది గట్టిదే. అయితే ఏ ప్రమాణం మీద ఒప్పుకోవాలో, ఏ కారణంతో కాదనాలో అందులో ఒక్క ముక్క లేదు. 1992లో ఇండియానాలోని లోవెల్ అనే చిన్న పట్టణం అడిగితే మిషిగన్ గవర్నర్ వద్దన్నారు, అంతటితో కథ ముగిసింది. కొలబద్ద లేని వీటో ఏదో ఒకరోజు కోర్టులో దెబ్బతింటుందన్న భయం అప్పటి నుంచీ ఉంది.

1998లో ఆంటారియో ప్రావిన్సులో ఒక సంస్థకు సుపీరియర్ నుంచి ఏడాదికి 60 కోట్ల లీటర్లు ట్యాంకర్ ఓడల్లో ఆసియాకు పంపడానికి పర్మిట్ వచ్చింది. రెండు దేశాల్లోనూ గగ్గోలు పుట్టి పర్మిట్ రద్దయింది గానీ, దాన్ని ఆపడానికి నికరమైన చట్టం లేదన్న సంగతి బయటపడింది. 2005 డిసెంబర్ 13న ఆ రాష్ట్రాలూ ప్రావిన్సులూ సంతకాలు చేసిన పత్రాలకు మూలం అదే.

క్యూసెక్కు:
ఆ 60 కోట్ల లీటర్ల లెక్క చూడండి. అది 6 లక్షల ఘనమీటర్లు. సుపీరియర్ విస్తీర్ణం 82,100 చదరపు కిలోమీటర్లు. భాగించి చూస్తే ఏడాదికి ఒక మిల్లీమీటరులో వందో వంతు కూడా తగ్గదు. సరస్సుల నుంచి సముద్రానికి పోయే సీవే జలమార్గపు లాకుల్లో పట్టే ఓడకు పాతిక వేల టన్నులు వేసుకున్నా ఏడాదికి ఇరవై నాలుగు ట్రిప్పులతో సరి. నీటి పరంగా అది లెక్కలోకే రాదు.

ప్రశ్నలపుట్ట:
మరి అంత రాద్ధాంతం దేనికండీ?

సరిహద్దు_చట్టం:
మొదటి ఓడను ఏ కారణంతో ఒప్పుకుంటారో వెయ్యో ఓడను కాదనడానికి ఆ కారణమే అడ్డొస్తుంది, అందుకు. నీటిని సరుకుగా ఒకసారి అమ్మితే గాట్ అనే అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందంలోని 11వ అధికరణం వర్తిస్తుంది. ఎగుమతుల మీద పరిమాణ నిషేధాలు పెట్టకూడదంటుంది అది. 20వ అధికరణంలో సహజ వనరుల పరిరక్షణకు మినహాయింపు ఉంది గానీ షరతుతో ఉంది: స్వదేశంలో వాడకం మీదా ఆంక్షలు పెట్టిన దేశానికే ఆ మినహాయింపు. నాఫ్టా వాణిజ్య ఒప్పందానికి ముందు 1993లో అమెరికా, కెనడా, మెక్సికో కలిసి, నదుల్లో సరస్సుల్లో సహజ స్థితిలో ఉన్న నీరు సరుకు కాదని ప్రకటించాయి. సీసాలోనో ట్యాంకులోనో ఎక్కాక సంగతి వేరు.

అమెరికా లోపలా ఇదే చిక్కు. 1982లో స్పోర్‌హేస్ కేసులో సుప్రీంకోర్టు భూగర్భ జలం కూడా వాణిజ్య వస్తువేనంది. పక్క రాష్ట్రం వాడన్న ఒక్క కారణంతో నీళ్లు ఇవ్వననడం కుదరదు.

అందుకే 2005 పత్రాలు గీతను దేశ సరిహద్దు మీద గీయలేదు, బేసిన్ అంచు మీద, అంటే వాననీరు అటో ఇటో విడిపోయే గట్టు మీద గీశాయి. అమెరికాలోనే ఉన్నా గట్టుకు అవతల ఉన్న ఊరికి నిషేధం వర్తిస్తుంది. కెనడా కూడా 2002 డిసెంబర్ నుంచి అమల్లో ఉన్న సవరణలో ఇదే పద్ధతి పట్టింది. సరిహద్దు జలాల నుంచి రోజుకు 50,000 లీటర్లు మించి బేసిన్ బయటికి తరలించడం నిషేధం. ఓడలు నిలకడ కోసం నింపుకునే బ్యాలస్ట్ నీరు, మంటలార్పడం, అత్యవసర మానవతా సాయం లాంటివాటికి మినహాయింపు. 2013లో సరిహద్దు దాటే నదులకూ దాన్ని విస్తరించి, కంపెనీలకు 60 లక్షల డాలర్ల దాకా జరిమానా పెట్టారు.

పత్రాలు రెండెందుకంటే, అమెరికా రాష్ట్రాలు విదేశంతో ఒప్పందం చేసుకోకూడదని వాళ్ల రాజ్యాంగం చెబుతుంది. అందుకని ఎనిమిది రాష్ట్రాల మధ్య కట్టుబడి ఉండాల్సిన కాంపాక్ట్ ఒకటి, ఆంటారియో, క్యూబెక్ ప్రావిన్సులను కలుపుకుని సద్భావన ఒడంబడిక ఒకటి రాశారు. కాంపాక్ట్‌కు కాంగ్రెస్ ఆమోదం, అధ్యక్షుడి సంతకం పడి 2008 డిసెంబర్ 8న అమల్లోకి వచ్చింది. రాష్ట్రాల మధ్య వాణిజ్యం కాంగ్రెస్ చేతిలోది కాబట్టి దాని ఆమోదంతో స్పోర్‌హేస్ భయం తీరింది.

గట్టుమీద:
సీసా సంగతి కూడా చెప్పాలి, పెద్ద లొసుగు అదే. కాంపాక్ట్ ప్రకారం 5.7 గ్యాలన్లు, అంటే దాదాపు 21.6 లీటర్లు మించిన పాత్రలో బయటికి పోతే అది మళ్లింపు. అంతకు తక్కువ పాత్రలైతే నిర్ణయం ఆయా రాష్ట్రాలది. ఒకే బోరు నీళ్లను ట్యాంకర్‌లో నింపితే నేరం, అవే నీళ్లు అర లీటరు సీసాల్లో లారీకెక్కితే వ్యాపారం. పోయే నీరు మాత్రం అంతే.

తూము:
చికాగో విషయానికి వద్దాం.

మురుగు తాగునీటిలో కలవకుండా 1900లో కాలువ తవ్వి చికాగో నదిని వెనక్కి తిప్పారు. మిషిగన్‌లోకి పోయే నది అప్పటి నుంచి మిసిసిపి వైపు పారుతోంది. దశాబ్దాల వ్యాజ్యాల తర్వాత సుప్రీంకోర్టు 1967లో ఇచ్చి 1980లో సవరించిన డిక్రీ ప్రకారం ఇల్లినాయ్ వాటా 3,200 క్యూసెక్కులు. ఏడాదికి దాదాపు 101 టీఎంసీలు. ఇది ఒక్క ఏడాది పరిమితి కాదు, ఏటా ముందుకు జరిగే 40 ఏళ్ల చలన సగటు. లెక్క అమెరికా సైన్యపు ఇంజినీర్ల దళం చూస్తుంది.

ఇందులో మూడు పద్దులుంటాయి. ఊళ్లు తాగడానికి తోడే నీరు ఒకటి. ఓడల లాకులకూ కాలువలో మురుగు పలచన కావడానికీ నేరుగా వదిలేది రెండోది. మూడోది చాలామంది మరిచిపోతారు: ఒకప్పుడు సరస్సులోకి పారి, ఇప్పుడు కాలువలోకి పారుతున్న వాననీరు. ఎవరూ పంపు వేయకపోయినా అది మళ్లింపు కిందే లెక్క. వానలెక్కువైన ఏడు వాటా దానంతటదే కరిగిపోతుంది. 1990ల్లో ఇల్లినాయ్ లెక్క మించింది. నది గోడల్లోంచి, లాకుల్లోంచి కారిపోయే నీరు అందులో ఒక కారణం. మిగతా రాష్ట్రాలతో 1996లో అవగాహన కుదుర్చుకుని బాకీ తీర్చాల్సి వచ్చింది.

కాంపాక్ట్ దీన్ని ముట్టుకోదు. డిక్రీకి ప్రత్యేకంగా మినహాయింపు రాశారు.

ప్రశ్నలపుట్ట:
ఏడాదికి 101 టీఎంసీలు పోతుంటే సరస్సు ఏటా దిగిపోవాలి కదా?

క్యూసెక్కు:
దిగిపోదండీ, ఇక్కడే చాలామంది పొరబడతారు. మిషిగన్, హ్యూరాన్ ఒకే మట్టంలో ఉండే జంట, విస్తీర్ణం కలిపి దాదాపు 1,17,400 చదరపు కిలోమీటర్లు. 3,200 క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు 91 ఘనమీటర్లు. తోడడం మొదలైన ఏడాది రెండున్నర సెంటీమీటర్ల చొప్పున దిగడం మొదలవుతుంది. కానీ మట్టం దిగేకొద్దీ సెయింట్ క్లెయిర్ నది గుండా కిందికి పోయే ప్రవాహమూ తగ్గుతుంది. ఆ తగ్గుదల తోడే నీటికి సమానమయ్యేసరికి మట్టం నిలబడుతుంది. చికాగో విషయంలో అది సుమారు 6 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. తోడుతున్నంత కాలం ఆ 6 సెంటీమీటర్లూ తిరిగి రావు. నష్టం కిందివాడికి బదిలీ అవుతుంది: ఈరీకి, నయాగరా జలవిద్యుత్తుకు, ఆంటారియోకు, సెయింట్ లారెన్స్‌కు.

దీనికి ఎదురు పద్దు కూడా ఉంది. హడ్సన్ అఖాతం వైపు పోయే నీటిని లాంగ్ లాక్, ఒగోకీ మళ్లింపుల ద్వారా 1940ల మొదటి నుంచి సుపీరియర్‌లోకి తెస్తున్నారు. రెండూ కలిపి 5,000 క్యూసెక్కుల పైనే. చికాగో తీసే దానికన్నా ఎక్కువ.

ఎదురుగాలి:
అయితే నా వాదనకే బలం వస్తోంది. మిషిగన్-హ్యూరాన్ 2013 జనవరిలో రికార్డు కనిష్ఠానికి పడింది, 2020లో నెలల తరబడి రికార్డు గరిష్ఠాల్లో ఉంది. ప్రకృతే దాదాపు రెండు మీటర్లు ఊగుతుంటే 6 సెంటీమీటర్లకు ఇంత చట్టమా?

క్యూసెక్కు:
ప్రకృతి ఊపు పైకీ కిందికీ ఉంటుంది. మళ్లింపు ఎప్పుడూ కిందికే. పైగా కనిష్ఠం పడిన ఏడాదీ అది ఆగదు. వెయ్యి అడుగుల సరుకు ఓడకు ఒక అంగుళం లోతు తగ్గితే ట్రిప్పుకు దాదాపు 270 టన్నులు తక్కువ ఎక్కించాలి. 6 సెంటీమీటర్లంటే రెండు అంగుళాల పైచిలుకు. తీరపు చిత్తడి నేలల సంగతి సరేసరి. ఇంకోటి: అయిదు సరస్సుల్లో ఏటా వానతో, పారుదలతో కొత్తగా చేరి మళ్లీ బయటికి పోయేది మొత్తం నిల్వలో ఒక శాతం లోపు. ఎనిమిది లక్షల టీఎంసీలు చూసి ధీమా పడకూడదు. ఖర్చుపెట్టదగ్గది ఆ ఒక్క శాతమే, దానికీ ఇప్పటికే కిందివాళ్లు హక్కుదారులు.

గట్టుమీద:
మొదటి ప్రశ్నలో అడిగిన చిన్న ఊరు వాకెషా అనుకుంటాను. విస్కాన్సిన్‌లో మిషిగన్ తీరానికి పదిహేడు మైళ్ల దూరం, కానీ గట్టుకు అవతల. దాని కౌంటీ మాత్రం గట్టుకు ఇరువైపులా ఉంది. కాంపాక్ట్‌లో నిషేధానికి మినహాయింపులు మూడే: గట్టు మీద సగం అటు సగం ఇటు ఉన్న ఊళ్లు, గట్టు మీద ఉన్న కౌంటీలోని ఊళ్లు, బేసిన్ లోపలే ఒక సరస్సు నుంచి ఇంకోదానికి మార్పు. వాకెషా రెండో రకం, అంటే అన్నిటికన్నా కఠినమైన దారి.

లోతైన ఇసుకరాతి పొరల్లోంచి తోడేకొద్దీ రేడియం హద్దు మించి వచ్చింది. 2010లో రోజుకు 1.09 కోట్ల గ్యాలన్లకు దరఖాస్తు పెట్టారు. నీళ్లు అందే ప్రాంతాన్ని కుదించాక 2016 జూన్ 21న 82 లక్షల గ్యాలన్లకు ఒప్పుకున్నారు. నీళ్లు అందింది 2023 అక్టోబర్‌లో. 82 లక్షల గ్యాలన్లంటే 12.7 క్యూసెక్కులు. చికాగో వాటాలో 250వ వంతు.

పద్ధతి ఇదీ. ముందు సొంత రాష్ట్రం పరిశీలించి, బేసిన్ లోపల మరో దారి లేదని నిర్ధారించాలి. తర్వాత ఆంటారియో, క్యూబెక్ సహా పది మంది సభ్యుల ప్రాంతీయ సంఘం తన అభిప్రాయం ఇస్తుంది. అది సలహా మాత్రమే. చివరికి ఎనిమిది మంది గవర్నర్ల మండలిలో ఓటు, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. నీళ్లు ప్రజల సరఫరాకే వాడాలి, పొదుపు ప్రణాళిక ఉండాలి, వాడుకలో ఖర్చయింది పోగా మిగతాది శుద్ధి చేసి తిరిగి సరస్సుకే పంపాలి. వాకెషా తన నీటిని రూట్ నదిలో వదిలితే అది రసీన్ దగ్గర మిషిగన్‌లో కలుస్తుంది.

తూము:
తిరిగి పంపడం అన్న ముక్క కాగితం మీద తేలిక, మీటరు దగ్గర కష్టం. శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని కొలిస్తే, అందులో ఊరు వాడిన సరస్సు నీరు మాత్రమే ఉండదు. పాత మురుగు పైపుల కీళ్లలోంచి వాన కాలంలో భూగర్భ జలం లోపలికి ఊరుతుంది. గట్టు అవతలి వాన కూడా మీటరులో సరస్సు నీరుగానే నమోదవుతుంది. వాన ఏడాదిలో తీసుకున్నదానికన్నా ఎక్కువ తిరిగిచ్చినట్టు కనిపించేది ఇందుకే. అది సంతోషించాల్సిన సంగతి కాదు. మరో బేసిన్ నీరు కలిస్తే అక్కడి జీవజాతులూ కలిసే ముప్పుంది, అందుకే ఆ కలగలుపును వీలైనంత తగ్గించాలని కాంపాక్ట్‌లోనే రాశారు.

ఎండాకాలం దీనికి తలకిందులు. పచ్చికకు, తోటలకు పోసింది మురుగు పైపులోకి రాదు. తీసుకునేది గరిష్ఠంగా ఉన్న నెలలోనే తిరిగొచ్చేది తగ్గుతుంది. అందుకని వాకెషా అనుమతిలో ఆ రోజు వాడకాన్ని కాక, గత ఏడాది రోజువారీ సగటు మళ్లింపును ప్రాతిపదికగా పెట్టారు. రోజూ కనీసం అంత తిరిగి పంపాలి. రూట్ నదిలో చేపలు, నీటి నాణ్యత మీద ఏళ్ల తరబడి నిఘా కూడా షరతే.

ఎదురుగాలి:
అదే విస్కాన్సిన్‌లో మౌంట్ ప్లెజంట్ సంగతి? 2018 ఏప్రిల్‌లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ కోసం రోజుకు 70 లక్షల గ్యాలన్లకు రాష్ట్రం ఒక్కటే అనుమతి ఇచ్చేసింది. గవర్నర్ల మండలికి పోనేలేదు.

సరిహద్దు_చట్టం:
ఊరే గట్టు మీద ఉంది కాబట్టి మొదటి రకం మినహాయింపు కింద వచ్చింది. తిరిగిరాకుండా ఖర్చయ్యే నీరు రోజుకు 50 లక్షల గ్యాలన్లు దాటితేనే ప్రాంతీయ సమీక్ష. ఇక్కడ అది 27 లక్షలని చూపారు. వివాదం అక్కడ కాదు. మినహాయింపు ప్రజల సరఫరాకు మాత్రమే. కాంపాక్ట్ నిర్వచనంలో ప్రజల సరఫరా అంటే ప్రధానంగా ఇళ్లకు ఇచ్చే వ్యవస్థ, దాంతో పాటు పరిశ్రమలకూ ఇవ్వొచ్చు. 70 లక్షల్లో 58 లక్షలు ఒక్క ఫ్యాక్టరీకే. రాష్ట్రం చెప్పిందేమిటంటే, నీళ్లిచ్చే రసీన్ వ్యవస్థ మొత్తంగా చూస్తే ఇళ్లకే ఎక్కువ ఇస్తోంది కాబట్టి సరిపోయిందని. పర్యావరణ సంఘాలు సవాలు చేసినా 2019లో పరిపాలనా న్యాయాధికారి అనుమతిని సమర్థించారు. నా దృష్టిలో ట్యాంకర్ ఓడ కన్నా ఇది ప్రమాదం. పెద్ద సరఫరా వ్యవస్థ పక్కనున్న ప్రతి గట్టు ఊరికీ ఈ దారి తెరిచే ఉంది.

తూము:
జోలియట్‌ను కూడా ఇందులో చేర్చండి. ఇల్లినాయ్‌లో వాకెషా లాంటి కష్టమే, ఇసుకరాతి పొరలు అడుగంటుతున్నాయి. 2030 నాటికి చికాగో నుంచి మిషిగన్ నీరు తెచ్చుకుంటోంది. మండలి ఓటు లేదు, తిరిగి పంపే షరతు లేదు. 3,200 క్యూసెక్కుల వాటాలో సర్దుబాటు చేస్తే చాలు. రాష్ట్రం పెట్టిన పెద్ద షరతు పైపుల్లో పోయే నష్టం 10 శాతం లోపు ఉండాలన్నది. పాత పైపులున్న ఊరికి అది చిన్న పనేం కాదు.

హైడ్రో_రమ:
ఎండిన పశ్చిమ రాష్ట్రాలకు పైపు వేస్తారన్న భయం పదేపదే వస్తుంది. భౌతిక శాస్త్రం దానికి అడ్డం. ఒక ఘనమీటరు నీటిని వంద మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతపరంగా 0.27 యూనిట్ల కరెంటు, పంపు నష్టాలు కలిపితే 0.35. మిషిగన్ మట్టం సముద్రానికి 176 మీటర్ల పైన, డెన్వర్ దాదాపు 1,600 మీటర్ల పైన. ఎత్తడానికే 5 యూనిట్లు, వేల కిలోమీటర్ల పైపులో రాపిడి అదనం. సముద్రపు నీటిని ఉప్పు తీసి తాగునీరు చేయడానికి మూడు నాలుగు యూనిట్లు చాలు. సరస్సుకు ముప్పు దూరం నుంచి కాదు, గట్టుకు ఇరవై మైళ్ల లోపు నుంచి.

గట్టుమీద:
ఇతర సరస్సులు చూసినా ఇదే తేలుతుంది. విక్టోరియా సరస్సు నుంచి నైలు బయటికొచ్చే జింజా దగ్గర 1954లో ఓవెన్ ఫాల్స్ ఆనకట్ట కట్టారు. ఎంత మట్టానికి ఎంత వదలాలో, సహజ ప్రవాహాన్ని అనుకరించే ఒక వక్రరేఖను ఒప్పుకున్నారు. 2000 తర్వాత పక్కనే రెండో విద్యుత్ కేంద్రం నడిచింది. కరువులో కరెంటు కోసం రేఖను మించి నీళ్లు వదిలారు. 2006కు సరస్సు బాగా పడిపోయి కెన్యా, టాంజానియా తీరాల్లో రేవులు ఒడ్డుకు దూరమయ్యాయి. గేటు ఎవరి చేతిలో ఉందో వాళ్లే రేఖకు కాపలా, కంచే చేను మేసినట్టయింది.

కాన్‌స్టాన్స్ సరస్సుది ఎదురు ఉదాహరణ. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ 1966లోనే రాసుకున్నాయి: బేసిన్ బయటికైతే సెకనుకు 750 లీటర్లు, లోపలైతే 1,500 లీటర్లు మించి తోడే ముందు మిగతా దేశాలకు చెప్పి అభిప్రాయం వినాలి. జిప్లింగెన్ దగ్గర 60 మీటర్ల లోతు నుంచి తీసే నీరు దాదాపు 40 లక్షల మందికి అందుతోంది, అయినా అది రైన్ ప్రవాహంలో ఒక శాతం చిల్లర. లోపలి వాడకానికి కూడా గీత గీశారు చూడండి.

ప్రశ్నలపుట్ట:
చివరిగా ఒకటి. కొత్త దరఖాస్తు ప్రజాభిప్రాయానికి వచ్చినప్పుడు అందులో మొదట ఏం చూడాలి?

తూము:
నేనైతే సారాంశం వదిలేసి నేరుగా సరఫరా ప్రాంతం పటం తీస్తాను. ఇప్పుడున్న ఊరి హద్దు కన్నా అది ఎంత పెద్దదో చూడండి. రేపు కట్టబోయే కాలనీలకు ఈరోజే నీళ్లడగడం అక్కడే దొరుకుతుంది, వాకెషాలో కోత పడింది కూడా అక్కడే. తర్వాత తిరిగిరాని నీటి శాతం. ఇళ్ల సరఫరాలో అది పది పదిహేను శాతం, సాగులో తొంభై దాకా. నీటిని ఆవిరి చేసి చల్లబరిచే కూలింగ్ టవర్లు ఉంటే ఇళ్ల శాతం వాడి చూపడం మోసమే, యంత్రాల వారీగా లెక్క అడగండి. మూడోది, సగటు ఎన్ని రోజుల మీద తీశారన్నది.

క్యూసెక్కు:
ఆ సగటు దగ్గర బేసిన్ లోపలివాళ్లూ జారిపోతారు. మళ్లింపైతే ఒక్క గ్యాలనయినా నమోదు చేయాలి. లోపలి వాడకానికి మాత్రం ఏ 30 రోజుల సగటైనా రోజుకు లక్ష గ్యాలన్లు తాకితేనే నమోదు. పొలానికి పది రోజులు రోజుకు 2,80,000 గ్యాలన్లు తోడి ఆపేస్తే 30 రోజుల సగటు 93,000 చిల్లర. సాగు నీళ్లు కాబట్టి దాదాపు అంతా ఆవిరే, అయినా రిజిస్టరులో సున్నా. ఒకే వాగు ఒడ్డున అలాంటి పొలాలు పది ఉంటే, మీటరు లేని చోట ఆ వాగులో ఆగస్టు ప్రవాహం చూడటం తప్ప వేరే ఆధారం ఉండదు.